పైపు కాడకు పంటి పరీక్ష

మా బావ జీవితంలో ఒక్క దమ్ము పీల్చి ఎరగడు. పక్కింటి సెలూనాయన తన గుమ్మంలో నిలబడి సిగరెట్టు వెలిగిస్తే, మా బావ ఇక్కడ కిటికీ మూసుకుని దగ్గుతాడు. అలాంటి మనిషి పొద్దున లేచింది మొదలు దీపాలు వెలిగేదాకా పొగాకు పైపులకు కాడలు చేస్తూ కూర్చుంటాడు. "పొగ పడనివాడివి, పైపులతో నీకేం పని బావా?" అని నేనడిగితే, "ఉయ్యాలలు చేసేవాడు రోజూ ఊగుతాడేమిట్రా?" అంటాడు. ఇలాంటి జవాబులు ఆయన దగ్గర గంపెడున్నాయి. విన్నప్పుడు బాగానే ఉంటాయి. మేడ మెట్లెక్కి నా గదిలోకి వెళ్లాక గానీ ఆయన అసలు జవాబే చెప్పలేదని నాకు తట్టదు.

పైపు ఎరగనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పొగాకు కూరే చెక్క గిన్నె ఒకటి, దాన్నుంచి నోటిదాకా వచ్చే నల్లటి కాడ ఒకటి, ఈ రెండూ కలిస్తేనే పైపు. గిన్నెలు చేసేవాళ్లు వేరే ఉన్నారు. నునుపుగా, నిగనిగలాడుతూ, చెక్క చారలతో చూడముచ్చటగా ఉంటాయవి. కొనేవాళ్లు వాటిని అరచేతిలో తిప్పుకుని మురిసిపోతారు. కాడ వైపు ఎవరూ చూడరు. నోట్లో పెట్టుకున్నాక కదా దాని సంగతి తెలిసేది! లావుగా ఉంటే దవడ లాగేస్తుంది, మరీ సన్నగా ఉంటే పంటి కింద చీలిపోతుంది, అంచు కాస్త గరుగ్గా ఉన్నా నాలుక పుండవుతుంది. గిన్నె చూపులకే, కాపురం మాత్రం కాడతోనే అని మా బావ వాదన.

బావా అక్కా కింద వాటాలో ఉంటారు, నేను మేడ మీద గదిలో ఉంటాను. నాకు పెళ్లి కాలేదు. ఆ సంగతి ఇక్కడ అనవసరమే గానీ, అక్క ఎలాగూ ఎత్తుతుంది కాబట్టి నేనే ముందు చెప్పేస్తున్నాను. ఉద్యోగం కళ్లజోళ్ల షాపులో. వచ్చినవాళ్ల ముక్కు మీద అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడమే నా పని. ఇంటికొచ్చేసరికి ఏది బాగుందో ఏది బాగాలేదో తేల్చే ఓపిక నాలో రవ్వంత కూడా మిగలదు.

బావ పనిగది ఇంటి వెనక ఉంది, ఒకప్పుడు బట్టలు ఉతికే గది. నీళ్లు పోవడానికి నేల వాలుగా కట్టారు కాబట్టి ఆయన పీట కాళ్ల కింద ఒకవైపు చెక్కముక్కలు ఉంటాయి. కిటికీ పక్కన బల్ల, వస్తువును కదలకుండా పట్టడానికి బల్లకు బిగించిన వైసు, పాత కుట్టుమిషను మోటారుతో గిరగిరా తిరిగే బుల్లి లేతు, గోడకు మేకుల మీద వరసగా ఆకురాళ్లు. వాటిలో పెద్దది మూరెడు, చిన్నది సూదంత. ఒకదాన్ని తీసి పక్క మేకుకు తగిలిస్తే చాలు, ఆయనకు గుమ్మంలోంచే తెలిసిపోతుంది. సరదాకి నేను చాలాసార్లు చేసి చూశాను. ఒక్కసారీ తిట్టలేదు గానీ, తీసి మళ్లీ దాని మేకుకు తగిలించేదాకా నాతో మాట్లాడడు.

కాడలకు వాడేది ఎబొనైట్ కడ్డీ. గంధకం కలిపి ఉడికించి, రాయిలా గట్టిపడనిచ్చిన రబ్బరు అది. బావ వయసులో ఉన్నప్పుడు ఇంకు పెన్నుల కార్ఖానాలో పనిచేసేవాడు. ఆ పెన్నులూ ఈ కడ్డీలోంచే తీసేవారు. జనం బాల్ పెన్నులకు మరిగాక కార్ఖానా మూతపడింది, యజమాని మిగిలిన కడ్డీల కట్ట బావ భుజానికెత్తి పంపించేశాడు. వాటితో ఏం చేయాలో తోచక కూర్చున్న రోజుల్లో పైపుల షాపాయన ఒక విరిగిన కాడ పట్టుకొచ్చి, "ఇలాంటిది తీసివ్వగలవా?" అని అడిగాడు. పెన్నుకు మూత తీయడం లాంటిదే కదా అనుకుని బావ సరేనన్నాడు. అలాంటిది కాదని తెలిశాక కూడా ఆ పని ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు.

కడ్డీని కోసి, ముందు దాని నడుమ బెజ్జం తొలుస్తాడు. ఆ బెజ్జం ఒక పక్కకు ఒరిగిందా, కడ్డీ వృథా. తర్వాత గిన్నెలో దూరే కొసను లేతు మీద సన్నబరుస్తాడు. అక్కణ్నుంచి అంతా చేతిపనే. నోటివైపు కొసను కిందా పైనా ఆకురాయితో బల్లపరుపు చేస్తూ, చివర మాత్రం చిన్న గట్టు వదులుతాడు. పళ్లు ఆ గట్టు వెనక ఆనుకుంటే కాడ జారదు. ఆ గట్టు మధ్యలో బెజ్జాన్ని చేప నోరులా వెడల్పు చేయడానికి సూది ఆకురాయి. ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాక గుడ్డచక్రం మీద మెరుగు పెడతాడు. వంపు కావాలంటే లోపల నూలు చుట్టిన తీగ దూర్చి, దీపం సెగ మీద మెల్లిగా వంచుతాడు. తీగ లేకపోతే వంపు దగ్గర బెజ్జం మూసుకుపోతుంది. ఇదంతా చెప్పడానికి ఇంతసేపే గానీ, ఆయన చేస్తుంటే పక్కన కూర్చుని చూడాలంటే మునీశ్వరుల ఓపిక కావాలి.

ఆకురాయి పడగానే గంధకం వాసన లేస్తుంది. మురిగిన కోడిగుడ్డు వాసన. కింద నుంచి మేడ మీదికి, మేడ మీంచి నా చొక్కాల్లోకి, చొక్కాల్లోంచి కళ్లజోళ్ల షాపులోకి కూడా వచ్చేస్తుంది. ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు అక్క గుర్తులేమీ చెప్పదు. "వీధి మలుపు తిరగండి, అక్కణ్నుంచి మీ ముక్కే చూసుకుంటుంది," అంటుంది. ఆ నల్లపొడి పనిగది గడప దాటకూడదని అక్క చట్టం. బావ గడప అవతల ఒక జత చెప్పులు, ఇవతల ఒక జత చెప్పులు పెట్టుకుని, ఏప్రాను విప్పి, తల దులుపుకుని, సరిహద్దు దాటే మనిషిలా బిక్కుబిక్కుమంటూ వంటింట్లోకి వస్తాడు.

పెళ్లయిన కొత్తలో అక్క ఆ వాసన వదిలిద్దామని, వంచి ఆరబెట్టిన కాడలన్నిటినీ సలసల కాగే సబ్బునీళ్లలో వేసింది. ఎబొనైట్‌కు ఒక గుణం ఉంది. ఎంత ముద్దుగా వంచినా సరే, మళ్లీ వేడి తగిలితే మొదటి రూపానికి వెళ్లిపోతుంది. కాడలన్నీ ఆ నీళ్లలో ఒక్కొక్కటే లేచి నిటారుగా సాగాయి, పైగా నల్లరంగు పోయి పాచిరంగు తేలాయి. అక్క ఏడవడానికి సిద్ధమై కూర్చుంది. బావ వచ్చి, చూసి, "భలే! దీనికి పుట్టినప్పటి రూపం ఎలా గుర్తుందో చూశావా?" అని మొదలుపెట్టి భోజనం అయ్యేదాకా రబ్బరు గుణాలు వివరించాడు. అక్కకు ఏడ్చే సందే దొరకలేదు. ఆ కోపంతోనే, ఇక ఆ గదిలో కాలు పెట్టనని, ఆ కాడల్ని ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్న ఒట్టు మీద గట్టిగా నిలబడే మనిషి.

ఇక అసలు సంగతి. కాడ పూర్తయ్యాక బావ దాన్ని కడిగి, తుడిచి, ముందుపళ్ల మధ్య పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. కొలతల పరికరం లేక కాదు. షాపాయన మంచి వెర్నియరు ఒకటి తెచ్చిచ్చాడు, బావ దాన్ని ఉప్పుకాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెడతాడు. ఆయనకు పళ్లే కొలబద్ద. వెంట్రుకంత తేడా ఉన్నా పంటి మూలంలో ఎక్కడో తెలుస్తుందట. "ఎడమవైపు బరువు," అని గొణుక్కుని ఆకురాయి అందుకుంటాడు. మళ్లీ పళ్ల మధ్యకు. ఆయన చేతి కాడ నోట్లో ఉంటే అసలు ఉన్నట్టే తెలియదని షాపాయన అందరికీ చెప్పేవాడు. మా బావకు ఆ మాట చాలు, ఇంకే పొగడ్తా అక్కర్లేదు.

అలాంటి బావ ఒకరోజు రొట్టె అంచులు వదిలేసి మెత్తటిది మాత్రమే తిన్నాడు. తర్వాత ఆపిల్ పండును చాకుతో చిన్న ముక్కలు కోసుకుని, చుట్టూ చూసి మింగాడు. అక్క కళ్లు గప్పడం ఎవరి తరం?

"ఏమండీ, పన్ను నొప్పా?"

"పన్నా? ఏ పన్ను?" అన్నాడు బావ. అప్పటికి ఆయన చెంప బన్ను రొట్టెలా ఉంది.

నేనొక చేయి, అక్కొక చేయి పట్టుకుని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాం. ఆవిడ చిన్న అద్దం పెట్టి చూసి, పుల్లతో తట్టి, చిగుళ్లు బాగా పాడయ్యాయని, ముందుపళ్లు కిందా పైనా తీసేయక తప్పదని చెప్పింది. బావ కూరగాయల బండి దగ్గర బేరమాడినట్టు బేరం పెట్టాడు.

"వెనకవి కావాలంటే రెండువైపులా తీసేసుకోండమ్మా. నేనేమీ అనుకోను. ముందువి మాత్రం వదిలేయండి."

"వెనకవి గుండ్రాళ్లలా ఉన్నాయండీ. పాడైనవి తీస్తాం గానీ బాగున్నవి ఎందుకు తీస్తాం?"

"అవి నా పనిముట్లు తల్లీ!"

"మరి పనిముట్లు అరిగిపోతే కొత్తవి తెచ్చుకుంటారు కదా?" అంది డాక్టరమ్మ. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. బావ నా వైపు చూశాడు, నేను కిటికీ వైపు చూశాను. పళ్లు పోయాయి.

చిగుళ్లు మానాక కట్టుడు పళ్లు వచ్చాయి. తెల్లగా, వరసగా, దుకాణం అద్దంలో పెట్టిన కప్పుల్లా ఉన్నాయి. బావ నవ్వితే ఆయన మొహంలోంచి వేరెవరో ఖరీదైన మనిషి నవ్వినట్టుండేది. అక్క తెగ సంబరపడిపోయింది. "ఫొటో తీయించుకుందాం పదండి," అంది. ఆయన మాత్రం ఆ పళ్లు పెట్టుకుని తిన్నగా పనిగదిలోకి వెళ్లాడు.

తర్వాత జరిగింది ఆయన మాకు చెప్పలేదు, మేమే ఆలస్యంగా తెలుసుకున్నాం. కట్టుడు పళ్లకు స్పర్శ లేదు. చిగుళ్ల మీద కూర్చున్న బిళ్ల, దానికి కూర్చోవడం తప్ప మరేం తెలుస్తుంది? ఏ కాడ పెట్టుకున్నా నోట్లో పెద్ద దుంగ పెట్టుకున్నట్టే ఉండేదట. దాంతో ఆయన ఇంకా లావుంది కాబోలనుకుని ఆకురాయితో రాసేవాడు. మళ్లీ పెట్టుకుంటే మళ్లీ దుంగే. మళ్లీ రాసేవాడు. అలా రాసి రాసి కాగితంలా పల్చబరిచిన కాడలు షాపుకు పంపాడు. చూడ్డానికి ఎంత నాజూగ్గా ఉన్నాయో! షాపాయన కూడా ముచ్చటపడి అమ్మేశాడు.

ఒకాయన నోట్లో పైపు పెట్టుకుని తుమ్మితే కాడ చివర తెగి ఒళ్లో పడింది. ఇంకొకాయన పేపరు చదువుతూ ఏదో వార్తకు పళ్లు కొరికితే పంటి గాటు పొగదారిలోకి దిగిపోయింది. షాపాయన వాటన్నిటినీ చేతిరుమాల్లో మూటగట్టి పట్టుకొచ్చాడు. గొడవ పడి ఉంటే మాకూ బాగుండేది, నేనూ రెండు మాటలు అందుకునేవాణ్ని. ఆయన మాత్రం చావు పలకరింపుకు వచ్చినవాడిలా కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"ఎప్పుడూ ఇలా లేదండీ మీ చేతిపని," అన్నాడు.

బావ రుమాలు విప్పి, ఒక్కో ముక్కా వెలుతురుకు పెట్టి చూసి, "నాకు తెలియట్లేదు," అన్నాడు. అదొక్కటే మాట. ఆ మాట అంటున్నప్పుడు కట్టుడు పళ్లు కాస్త టపటపలాడాయి. నాకు నవ్వొచ్చింది, వెంటనే నా మీద నాకే మండింది.

"పోనీ ఇక మిషను కాడలు తెప్పిస్తాను లెండి. జనం సర్దుకుంటారు," అన్నాడు షాపాయన. "ఒక్క స్టేషన్ మాస్టారే సర్దుకోరు. డాక్టరు పొగ మానేయమన్నా ఆయన ఖాళీ పైపే పొద్దస్తమానం నోట్లో పెట్టుకుని తిరుగుతారు కదా? మీరు చేసిన ఆ పాత కాడ అరిగిపోయింది. మిషను కాడలు పెట్టిచూస్తే, నోట్లో ఏదో ఉన్నట్టే ఉంది తీసేయ్ అని నా మీదికి విసిరేశారు. ఆయనది ఒక్కటి చేసి చూడండి. కుదిరిందా, ఎప్పటిలా సాగిద్దాం. లేదంటే..."

లేదంటే ఆ బేరం అంతటితో ఆఖరు. బావ చేతికి ఆ ఒక్క పని తప్ప మరేదీ రాదు.

బావ స్టేషన్ మాస్టారి గిన్నె ముందు పెట్టుకుని కాడ తీశాడు. తీశాక, తన పళ్ల మీద నమ్మకం లేక, నా పళ్లు అరువడిగాడు. సాయంత్రం షాపు నుంచి రాగానే నన్ను పీట మీద కూర్చోబెట్టి నోట్లో కాడ పెట్టాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

ఒక పక్క రాసి మళ్లీ పెట్టాడు. "ఇప్పుడు?"

"బాగుంది."

"ఇందాకటికి ఇప్పటికి తేడా ఏమిటి?"

"ఇందాక బాగుంది. ఇప్పుడూ బాగుంది. నాకు ఆకలేస్తోంది బావా."

ఆయన నా నోట్లోంచి కాడ లాగేసుకుని, కళ్లజోళ్లు పెట్టించుకునేవాళ్ల గతి తల్చుకుంటే జాలేస్తోందన్నాడు. తర్వాత సెలూనాయన్ని పిలిచాడు. ఆయన దవడ గట్టిది. పళ్ల మధ్య పెట్టగానే వేరుశనక్కాయ కొరికినట్టు కటుక్కుమనిపించి, "కొంచెం పొగాకు పడితే గానీ రుచి చెప్పలేనండీ," అన్నాడు. బావ ఆ గాటు చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ కాడ పోయింది, మళ్లీ కొత్తది మొదలు.

ఆఖరికి ఒక మధ్యాహ్నం బావ కాడను ఉతికిన గుడ్డలో చుట్టుకుని, తల దులుపుకుని, చెప్పులు మార్చుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నోరు తెరిచి అడగలేదు, గుడ్డ మాత్రం విప్పి చూపించాడు.

"నా నోట్లో ఏది పెట్టుకోవాలో నాకు తెలుసు," అంది అక్క, బంగాళాదుంపల తొక్క తీస్తూ. "ఆ గంధకం కడ్డీ మాత్రం చచ్చినా పెట్టుకోను."

"కడిగానే..."

"మీరు గంగాళంలో నానబెట్టినా సరే."

బావ గుడ్డ మడిచి వెళ్లిపోయాడు. మర్నాడు పనిగది ఊడ్చి కడిగాడు. ఆకురాళ్లకు నూనె రాసి, లేతు మీద పాత దుప్పటి కప్పి, తలుపు వేసేశాడు. రెండు రోజులకు ఇంట్లో వాసన పోయింది. ఎన్నో ఏళ్లుగా ఆ వాసనను తిట్టుకున్న నేను మెట్లెక్కుతూ ఆగి గాలి పీల్చి చూస్తే, ఎవరిదో పరాయి ఇంట్లోకి వచ్చినట్టనిపించింది. బావకు అరవై దాటాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు.

నేర్పలేదని అక్కకు త్వరలోనే అనుభవమైంది. పని లేని బావ వంటింటి మీద పడ్డాడు. ముందు గరిటెల కాడలు చేతికి మొరటుగా ఉన్నాయని ఒక్కోటీ నున్నగా రాసిపెట్టాడు. చాకు పిడి అక్క గుప్పిటకు లావుందని సన్నబరిచాడు. దువ్వెన పళ్ల కొసలు గుండ్రంగా అరగదీశాడు. బాగానే ఉంది కదా అంటారేమో, అక్క చెయ్యి ఏ వస్తువు మీద వేసినా అది నిన్నటి వస్తువు కాదు. గరిటె జారుతుంది, చాకు తిరుగుతుంది, దువ్వెన జుట్టులో ఆగదు. పైగా ఆవిడ ఏం చేస్తున్నా పక్కన నిలబడి చేతివైపే చూసేవాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ఈయన్ని నీతో షాపుకు తీసుకుపోరా," అంది అక్క ఒకరోజు, పళ్లు బిగబట్టి. "కళ్లజోళ్లకు చెవికాడలు ఉంటాయిగా, రాసుకుంటూ కూర్చుంటారు."

"ఆ పని చేసేవాడు ఉన్నాడక్కా."

"ఉంటే వాణ్ని ఇక్కడికి పంపు!"

ఆ వారమే సొరుగు సంగతి జరిగింది. చెంచాలు పెట్టుకునే సొరుగు బిర్రుగా ఉందని బావ దాని అంచులు రుద్ది, మైనం పూసి, మెరుగు పెట్టాడు. అక్కకు చెప్పలేదు. ఆవిడ ఎప్పటిలా బలం కొద్దీ లాగింది. సొరుగు వెన్నలా జారి పూర్తిగా బయటికొచ్చి, చెంచాలూ ఫోర్కులూ సమేతంగా ఆవిడ కాలి మీద పడింది.

నేను మేడ మీంచి పరుగెత్తుకొచ్చేసరికి అక్క నేల మీద కాలు పట్టుకుని కూర్చుంది. బావ పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. ఆయన మొహంలో భయంతోపాటు, సొరుగు ఎంత బాగా జారిందో అన్న సంతోషం కూడా ఉంది. దాచుకోవడం ఆయనకు చేతకాదు.

అక్క ఆ మొహాన్ని చూసింది. తర్వాత నా భుజం పట్టుకుని లేచి, "ఏదీ ఆ కాడ?" అంది.

"ఏ కాడ?"

"ఆ స్టేషన్ మాస్టారి కాడ! పట్టుకురండి! ఆ వాసన భరిస్తాను, ఆ పొడి భరిస్తాను. మీరు నా వంటింట్లో ఉండటం మాత్రం నేను భరించలేను."

కుంటుకుంటూ పనిగది గడప దాటింది. లోపల చుట్టూ చూసి, ఆకురాళ్ల వరస చూసి, "ఇంత శుభ్రంగా ఉంటుందా ఇక్కడ?" అంది అక్కసుగా. పీట మీద కూర్చుని, కాడను చేతికి తీసుకుని, "వేడినీళ్లతో కడిగి తెస్తా," అని లేవబోయింది. నేనూ బావా ఒక్కసారే అరిచాం, "వేడినీళ్లు వద్దు!"

చన్నీళ్లతోనే కడిగింది. చేదుమందు వేసుకునేవాళ్లలా కళ్లు గట్టిగా మూసుకుని పళ్ల మధ్య పెట్టుకుంది. బావ పీట దగ్గరికి ఒంగాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"చండాలంగా ఉంది."

"అంటే?"

"అంటే ఏమిటండీ? కుడివైపు పన్ను కింద అన్నంలో రాయిలా ఏదో తగుల్తోంది. నాలుకకేమో పగిలిన గిన్నె అంచులా ఉంది. ఇక్కడ." వేలితో చూపించింది.

బావ కాడ తీసుకుని వేలిగోటితో అక్కడ తడిమాడు. తర్వాత భూతద్దం పెట్టి చూశాడు. గట్టు పక్కన, మామూలు కంటికి ఆనని చిన్న మిట్ట. నాలుక తగిలే చోట ఉప్పుకాగితం వదిలేసిన గరుకు. ఆయన భూతద్దం దించి అక్కను చూసిన చూపు నేను ఎప్పటికీ మర్చిపోను. ఇంత కాలం ఒకే ఇంట్లో ఉన్న మనిషిని కొత్తగా పరిచయం చేసినట్టు చూశాడు.

అక్కణ్నుంచి ఆయనకు తిప్పలు మొదలయ్యాయి. అక్క అంత తేలిగ్గా మెచ్చే మనిషి కాదు. బావ తెచ్చిన ప్రతిసారీ ఏదో ఒక వంక. ఒకసారి తాళంచెవి పెట్టుకున్నట్టుందంది, ఒకసారి ఎడమవైపు గడపలా ఎత్తుగా తగుల్తోందంది. బావకు ఆ భాష బాగానే అర్థమయ్యేది. ఎక్కడ రాయాలో చెప్పినట్టే ఉండేది. అయినా ఒక సాయంత్రం ఆయన ఓపిక నశించింది.

"ఇది బాగానే ఉందే! ఎన్నేళ్ల అనుభవం నాది, నాకు తెలియదా?"

"అనుభవం మీదే. పళ్లు నావి," అంది అక్క. "పట్టుకెళ్లి కింద వైపు రాయండి."

నోరు మూసుకుని పట్టుకెళ్లి కింద వైపు రాశాడు. ఆవిడ చెప్పింది నిజమే మరి.

స్టేషన్ మాస్టారిని రమ్మన్న రోజు పొద్దున కూడా ఆ కాడను అక్క ఇంకా ఒప్పుకోలేదు. బావ రాత్రంతా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి. భోజనాల వేళ ఆకురాయి చేతిలోనే ఉంచుకుని, అక్క బఠాణీలు వలుస్తుంటే వచ్చి నిలబడ్డాడు. అక్క తలెత్తకుండానే నోరు తెరిచింది. బావ కాడ పళ్ల మధ్య పెట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుంది, తెరిచింది, ఏదో అనబోయింది. అంతలో వీధి తలుపు చప్పుడైంది.

అక్క బఠాణీల పళ్లెం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్లి తలుపు తీసింది. షాపాయన, ఆయన పక్కన టోపీ చేతిలో పట్టుకుని పొడుగాటి పెద్దమనిషి.

"రండి రండి, కూర్చోండి," అంది అక్క. "వాసనకు ఏమీ అనుకోకండి, మా ఇంట్లో అంతే. ఆయనా? ఉన్నారు లోపల. పొద్దున్నుంచి తిండి లేదు, మీ కాడే లోకం. ఆ కుర్చీ వద్దండీ, అది ఊగుతుంది, దాన్ని కూడా ఆయన బాగుచేశారు."

షాపాయన నోరు తెరుచుకుని అక్క మొహంలోకే చూస్తున్నాడు. స్టేషన్ మాస్టారు కూర్చోబోయి, సగంలోనే ఆగిపోయారు. నల్లగా, నిగనిగలాడుతూ, ఎంతో హాయిగా ఆ కాడ మా అక్క పళ్ల మధ్యే ఉంది. మాట ఎక్కడా తడబడటం లేదు, పెదవి ఎక్కడా పట్టడం లేదు. సొరుగు కాలి మీద పడిన కథ మొదలుపెట్టింది. ఏ వేలికి దెబ్బ తగిలిందో చూపించింది. ఆవిడ నోట్లో ఒక వస్తువు ఉందని గదిలో ఉన్న అందరికీ తెలుసు, ఆవిడకు తప్ప.

స్టేషన్ మాస్టారు మెల్లిగా షాపాయన వైపు ఒంగి, "నాకు అదే కావాలి," అన్నారు గుసగుసగా.

నాకు నవ్వు ఆగలేదు. "అక్కా, నీ నోట్లో..." అనబోయాను. వంటింటి తలుపు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టును గట్టిగా పట్టుకుంది. తిరిగి చూస్తే బావ. ఆకురాయి ఇంకా చేతిలోనే ఉంది, ఏప్రాను విప్పలేదు, చెప్పులు మార్చలేదు, తల మీద నల్లపొడి. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. అక్క వైపే చూస్తూ అన్నాడు:

"చెప్పకురా. ఇంకాసేపు మాట్లాడనీ."